పది ఇళ్లు కూలోళ్లవి, ముప్పై ఇళ్లు రైతులవి

హైదరాబాద్‌లోని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ‘యూజర్ రీసెర్చ్’ అని ఒక కొలువు ఉంటుంది. సరుకు తయారు కాకముందే, దాన్ని వాడబోయేవాళ్ల రోజు ఎట్లా గడుస్తుందో, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో కనిపెట్టి చెప్పడం ఆ కొలువు పని. దీని పుట్టుక గురించి రాసేవాళ్లు చాలావరకు అమెరికాతోనే మొదలుపెడతారు. 1955లో ‘డిజైనింగ్ ఫర్ పీపుల్’ అనే పుస్తకం రాసిన హెన్రీ డ్రేఫస్ పేరు చెప్తారు. 1980ల్లో జెరాక్స్ కంపెనీ యంత్రం ముందు జనం పడే తికమకను గమనించిన మానవశాస్త్రవేత్త లూసీ సుచ్‌మన్ పేరు చెప్తారు. ఆ వరుసలో కల్వకుర్తి తాలూకా పల్లె ఒకటి ఉండాలని నా పట్టు.

ఆ ఊరు అవురుపల్లి. హైదరాబాద్‌కు దక్షిణంగా డెబ్బై కిలోమీటర్ల దూరం. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు రంగారెడ్డి జిల్లా మాడ్గుల మండలం. 1972లో హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టారు. వాన మీదే ఆధారపడ్డ మెట్ట సేద్యానికి పనికొచ్చే విత్తనాలు, పద్ధతులు కనిపెట్టడం దాని బాధ్యత. అయితే ఆ విత్తనం ఎవరి చేతికి పోతుంది? ఈ ప్రశ్న పట్టుకున్న అక్కడి ఆర్థికవేత్తలు 1975లో ఆరు పల్లెలను ఎంచుకున్నారు. మహారాష్ట్ర నల్లరేగళ్లకు షోలాపూర్, అకోలా జిల్లాల ఊళ్లు నాలుగు. మన ఎర్ర చెలకలకు, నమ్మకం లేని వానలకు ప్రతినిధులుగా అవురుపల్లి, దోకూరు.

ఊరికి నలభై ఇళ్లు తీసుకున్నారు. భూమి లేని కూలోళ్లవి పది, చిన్న రైతులవి పది, మధ్యతరహావి పది, పెద్ద రైతులవి పది. కూలోళ్లను కలపడం నాకు బాగా నచ్చిన సంగతి. కొత్త పనిముట్టు కొనేది రైతే అయినా, దానివల్ల పని పెరిగేదీ పోయేదీ కూలి మనిషికి కదా! వివరాలు రాసుకునేవాళ్లు ఊళ్లోనే కాపురం ఉన్నారు. మూడు నాలుగు వారాలకోసారి ప్రతి ఇంటికీ పోయి ఏం విత్తారు, ఎవరి ఎడ్లు తెచ్చుకున్నారు, ఎంత మిత్తికి అప్పు తెచ్చారు, కూలి ఎంత ఇచ్చారు అని అడిగారు. అవురుపల్లిలో పదేళ్లు అట్లాగే సాగింది. గంటసేపు కూర్చోబెట్టి ‘మీకేం కావాలి’ అని అడిగితే మొహమాటానికి ఏదో ఒకటి చెప్తాం. కరువు ఏడూ కాలమైన ఏడూ రెండూ చూసినవాడి ముందు ఆ మొహమాటం ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఆ రోజుల్లో పెద్ద చదువుల వాళ్లలో ఒక మాట గట్టిగా ఉండేది: పేద రైతుకు భయం ఎక్కువ, అందుకే కొత్తది ముట్టడు అని. ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ దాన్ని పరీక్షకు పెట్టాడు. ఆ పల్లెల జనంతో బొమ్మా బొరుసూ ఆడించాడు. ఎటు పడ్డా ఖాయంగా వచ్చే డబ్బు కావాలా, పడితే అంతకు నాలుగు రెట్లు, లేకుంటే సున్నా వచ్చే పందెం కావాలా? మధ్యలో ఇంకా కొన్ని మెట్లు. అర్ధరూపాయితో మొదలైన ఆట యాభై రూపాయల దాకా పోయింది, అదీ నిజం డబ్బుతో. ఆ యాభై రూపాయల ఆటలో చేతికొచ్చే సొమ్ము నెల కూలిని దాటేది. 1980లో అచ్చయిన ఫలితం ఏమిటంటే, పందెం పెద్దదైనకొద్దీ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఇంచుమించు ఒకే తీరుగా జాగ్రత్తపడ్డారు. తేడా గుండెలో లేదు. అప్పు పుట్టడంలో, చేతిలో ఉన్న వనరుల్లో ఉంది. వాడేవాణ్ని తప్పుపట్టే సరుకుదారులందరూ చదవాల్సిన వ్యాసం అది.

మరి ఇంత తెలిసిన సంస్థలో తయారైనవన్నీ పొలానికి చేరాయా? చేరలేదు. నల్లరేగళ్లలో ఎత్తుమడులు చేయడానికి ఎడ్లు లాగే చక్రాల పరికరం ఒకటి, ట్రాపికల్టర్, పటాన్‌చెరులో మెరుగులు దిద్దుకుంది. దుక్కి, విత్తు, కలుపు అన్నీ దానితోనే. అప్పట్లో వెల దగ్గర దగ్గర పదివేల రూపాయలు. ఎర్ర చెలకలో ఆ ఎత్తుమడులతో ఒరిగేదేమీ లేదని ఇక్రిశాట్ సొంత ప్రయోగాల్లోనే తేలింది. ఈ జాతి పరికరాలు దేశదేశాల్లో ఏమయ్యాయో చూసి 1988లో పాల్ స్టార్కీ రాసిన పుస్తకం పేరుకు అర్థం ‘తీర్చిదిద్దారు, అయినా తిరస్కరించారు’ అని. చాలాచోట్ల రైతులు వాటిని మూలకు పడేశారు, లేదంటే బండిగా తోలుకున్నారు. బండి కావలసినవాడికి బండి దొరికిందన్నమాట!

జొన్న సంగతీ అంతే. గింజ దిగుబడే లెక్క అనుకునేవాళ్లకు చొప్ప గుర్తుకు రాదు. ఎడ్లను సాకేవాడికి గడ్డి కూడా పంటే. పొట్టి సంకరాలు అందరికీ నచ్చకపోవడానికి అదొక కారణం.

అవురుపల్లి పుస్తకాలకెక్కింది. 1990లో వాకర్, రయాన్‌ల గ్రంథం, 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ వ్యాసం ఆ ఇళ్ల లెక్కల మీదే నిలబడ్డాయి. 2001లో సర్వే మళ్లీ మొదలైంది, 2009 నుంచి ఇంకా విస్తరించింది. అప్పటికి ఊరి పొలాల తీరే మారిపోయింది. మొదటి సర్వే నాటికి అక్కడ చేతికి డబ్బు తెచ్చిన మెట్ట పంట ఆముదం. తర్వాత దాని చోటును పత్తి ఆక్రమించింది. ఆ రోజుల్లో ఇక్రిశాట్ తన బాధ్యతగా పెట్టుకున్న పంటలు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ. ఆముదమూ పత్తీ ఆ జాబితాలో లేవు.