నిజామియా గాజు పలకలు - హెలిక్స్ నీహారిక

కార్తీకమాసంలో రాత్రి ఎనిమిది గంటల వేళ నల్లగొండ, మహబూబ్‌నగర్ మిట్టపొలాల నుండి దక్షిణాకాశాన్ని పరికిస్తే కుంభరాశి కనిపిస్తుంది. అందులో చంద్రబింబానికి దాదాపు సగం వెడల్పున, కంటికి ఆననంత మసకగా, ఒక ఉంగరం ఉన్నది. అదే హెలిక్స్ నీహారిక. ఇట్టివాటిని గ్రహ నీహారికలంటారు. దూరదర్శినిలో గ్రహబింబాలవలె తోచినందున వచ్చిన పేరే కాని, గ్రహాలతో వీటికి సంబంధం లేదు.

ఆకాశమంతటినీ ఫోటోలు తీయాలని 1887లో పారిస్‌లో శాస్త్రజ్ఞులు నిశ్చయించి, వేధశాలలకు వాటాలు పంచినారు. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుండి 23 డిగ్రీల పట్టీ తరువాత హైదరాబాదుకు వచ్చినది. హెలిక్స్ 21వ డిగ్రీ దగ్గర, అంటే మన పట్టీలోనే ఉన్నది! నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాలలో 8 అంగుళాల కుక్ దూరదర్శినితో గాజు పలకలపై చిత్రాలు తీసినారు. పోకాక్, ఆపైన భాస్కరన్ ఆధ్వర్యంలో చుక్క చుక్కనూ కొలిచి, ఉత్తరాకాశపు మరొక పట్టీతో కలిపి 12 సంపుటాలు ప్రకటించినారు. ఎంత ఓపిక!

అయితే ఆ పట్టికల లక్ష్యం 11వ ప్రకాశ తరగతి వరకే. హెలిక్స్ నడిమి తార 13వ తరగతిది, మరింత మసక. పైగా నీహారిక స్వభావం స్థానాలు కొలిస్తే తేలేది కాదు, వర్ణపటం కావాలి. 1864లో హగ్గిన్స్ మరొక గ్రహ నీహారిక కాంతిలో ఆకుపచ్చని గీతను చూచి, అది వాయువని గ్రహించినాడు. ఆ గీత ఏదో తెలియని మూలకానిదని చాలాకాలం భ్రమించినారు. రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజనే దానికి కారణమని 1927లో బోవెన్ తేల్చినాడు. సూర్యునివంటి తార అవసానదశలో విడిచిన పొరలే ఈ ఉంగరం. హెలిక్స్ వయస్సు సుమారు 10,000 సంవత్సరాలు.

హైదరాబాదు కొలతలు మూలపడలేదు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో నక్షత్రాల చలనాన్ని లెక్కించటానికి వాటిని కూడ వాడినారు.