పీఎఫ్ ఖాతాల విలీనం

ఉద్యోగం మారినప్పుడు పాత సంస్థలోని ఉద్యోగుల భవిష్య నిధి (ఈపీఎఫ్) ఖాతాను కొత్త సంస్థ ఖాతాలో కలపడమే పీఎఫ్ ఖాతాల విలీనం. వాడుకలో ‘పీఎఫ్ ట్రాన్స్‌ఫర్’ అంటారు. 2014లో 12 అంకెల యూఏఎన్ (యూనివర్సల్ అకౌంట్ నంబర్) వచ్చింది. ఈ సంఖ్య ఎన్ని ఉద్యోగాలు మారినా మారదు. అయితే చేరిన ప్రతి సంస్థలోనూ దాని కింద కొత్త మెంబర్ ఐడీ పుడుతుంది. ట్రాన్స్‌ఫర్ జరిగేదాకా పాత ఐడీలోని సొమ్ము అక్కడే ఉంటుంది.

సొమ్ము వేరు, సర్వీసు వేరు. ఉద్యోగి వాటా అంతా పీఎఫ్‌లోనే పడుతుంది. యజమాని వాటాలో నుంచి వేతనంలో 8.33 శాతం మాత్రం ఉద్యోగుల పింఛను పథకం-1995కు పోతుంది. సాధారణంగా దీన్ని రూ.15,000 వేతనానికి మించి లెక్కించరు కాబట్టి నెలకు రూ.1,250 దాటదు. ట్రాన్స్‌ఫర్‌లో కదిలేది పీఎఫ్ నిల్వ, దాని వడ్డీ. పింఛను వాటా సొమ్ము రూపంలో రాదు, పనిచేసిన కాలం మాత్రమే కొత్త ఖాతాకు చేరుతుంది. కొత్త పాస్‌బుక్‌లో పింఛను గడి సున్నా చూపితే చాలామంది కంగారుపడతారు గానీ, పోయిందేమీ ఉండదు.

విలీనంతో వడ్డీ పెరగదు. అసలు లాభం సర్వీసులో ఉంది. నెలవారీ పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. మూడు చోట్ల నాలుగేళ్లు, మూడేళ్లు, నాలుగేళ్లు పనిచేసి, మానేసిన ప్రతిసారీ ఫారం 10సీతో పింఛను సొమ్ము తీసేసుకున్నవారికి చివరికి పింఛనే ఉండదు. తీయకుండా కలుపుకొంటే 11 ఏళ్లు. సగటు వేతనాన్ని సర్వీసుతో హెచ్చించి 70తో భాగిస్తారు కనుక, రూ.15,000 మీద 58వ ఏట నుంచి నెలకు సుమారు రూ.2,357 వస్తుంది. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ బతికినంతకాలం వస్తుంది.

ఇంకో మెలిక ఉంది. 2014 సెప్టెంబరు 1 తర్వాత రూ.15,000 పైబడిన వేతనంతో కొత్తగా చేరేవారికి పింఛను పథకంలో చోటు లేదు. పాత సభ్యత్వం కొనసాగుతున్నవారికి ఉంటుంది. మధ్యలో పింఛను సొమ్ము తీసుకుంటే ఆ తలుపు మూసుకుపోతుంది. పన్ను సంగతీ ఉంది: ఐదేళ్లు నిండకుండా పీఎఫ్ తీస్తే పన్ను పడవచ్చు, బదిలీ చేస్తే పాత సంస్థ కాలమూ ఆ ఐదేళ్లలో కలుస్తుంది.

కలపడం అన్ని దేశాల్లోనూ మేలే అనలేం: బ్రిటన్‌లో పాత సంస్థ హామీ పింఛనును మరోదానిలో కలిపితే ఆ హామీ పోవచ్చు. అక్కడ కలపాలా వద్దా అన్నది నిజంగా తర్జనభర్జనే. ఈపీఎఫ్‌లో అంత ఆలోచన అక్కర్లేదు, కలపడమే మేలు. కొత్త సంస్థకు ఈపీఎఫ్ వర్తించకపోతే మాత్రం ఫారం 10సీతోనే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని సర్వీసును కాపాడుకోవచ్చు.

ఆచరణలో చిక్కంతా రికార్డులతోనే. పేరులో ఒక అక్షరం, పుట్టిన తేదీ, రెండు యూఏఎన్‌లు, రెండు సంస్థల సర్వీసు తేదీలు ఒకదానిమీద ఒకటి పడటం వంటివి దరఖాస్తును ఆపేస్తాయి. పాత సంస్థ మూతపడితే దిద్దించడం మరీ కష్టం. సంస్థ ఉద్యోగం మానేసిన తేదీ వేయకపోతే, చివరి వాటా జమైన రెండు నెలల తర్వాత సభ్యుడే పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు.