నాన్నగారి రేడియో లైసెన్సూ, మా ఇంటి వైఫై

మా నాన్నగారు పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఉండేది తణుకులో. ప్రతి శనివారం రాత్రి తొమ్మిదింటికి (వాళ్ళకి ఆదివారం పొద్దున్న ఏడున్నర) నేను న్యూజెర్సీ నుంచి వీడియో కాల్ చెయ్యడం మాకో ఆనవాయితీ. ఫోనులో అయితే ఆయనకి మా మొహాలు తప్ప ఇంకేం కనపడవు. ఇల్లంతా కనపడాలి, మనవడు గెంతుతూ కనపడాలి. అందుకని వంటింటి బల్ల మీద నా పాత లాప్‌టాపు పెట్టి కూర్చుంటాం.

పోయిన చలికాలంలో మొదలైంది గోల. ఓ అయిదు నిమిషాలు బాగానే నడిచేది. ఆ తర్వాత నాన్నగారి మొహం గళ్ళు గళ్ళుగా విడిపోయి, తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయేది. రెండు మూడు నిమిషాలకి మళ్ళీ బొమ్మ కదిలేది.

"ఏదో చెప్తున్నారు నాన్నగారూ?"

"ఏం లేదులేరా. వీడేడీ, పడుకున్నాడా?"

వరసగా మూడు శనివారాలు ఇదే తంతు. నేనేమో కంప్యూటర్ సైన్సులో మాస్టర్సు వెలగబెట్టినవాణ్ణి. ఊళ్ళోవాళ్ళ నెట్‌వర్కులకి వైద్యం చేసి డబ్బులు తీసుకునేవాణ్ణి. ఇంట్లో వైఫై ఇలా ఏడుస్తుంటే పరువు తక్కువ కదా! మొదట అందరూ చేసే పనే చేశాను: రూటరు ఆపి, ముప్ఫై లెక్కపెట్టి, మళ్ళీ పెట్టాను. తర్వాత లాప్‌టాపులో డ్రైవరు మార్చాను. కనెక్షను ఇచ్చినవాళ్ళకి ఫోను చేసి ముప్పావుగంట సంగీతం విన్నాను. చివరికి తీగ తెచ్చి లాప్‌టాపుని నేరుగా రూటరుకి తగిలిస్తే గంటసేపు రాయిలా కదలకుండా పనిచేసింది! అంటే దోషం బయటినుంచి వచ్చే తీగలో లేదు, మా ఇంట్లో గాల్లోనే ఉందన్నమాట. ఫోన్లు మాత్రం అదే గాల్లో బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. హతవిధీ అనుకున్నాను.

మూడో శనివారం ఇదంతా నాన్నగారికి చెప్తుంటే ఆయన ఒక ప్రశ్న వేశారు.

"ఇంతకీ ఆ పెట్టెకి లైసెన్సెంతరా?"

"లైసెన్సు కాదు నాన్నగారూ, కనెక్షనుకి నెల నెలా కడతాం."

"అది తీగకి కట్టేది. నీ పెట్టె గాల్లోకి పంపిస్తోందన్నావుగా, దానికెవరిచ్చారు పర్మిషను? మా రోజుల్లో వినడానికే లైసెన్సుండేది."

నిజమే. ఈ తరానికి తెలియకపోవచ్చు గానీ, మన దేశంలో 1980ల దాకా రేడియో ఇంట్లో పెట్టుకుని పాటలు వినాలంటే పోస్టాఫీసుకెళ్ళి లైసెన్సు తీసుకుని ఏటేటా కట్టాల్సిందే. దాని వెనకున్నది 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గరుంచుకోవడమే నేరం. నాన్నగారు ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆ పుస్తకాల మీద ముద్రలు కొట్టినవారే. ఆయనకి ఆ అనుమానం రావడంలో వింతేముంది? వినడానికే అంత తతంగమైతే, రాత్రీ పగలూ గాల్లోకి మాట్లాడే పెట్టెని ఎవరు వదిలేశారు?

నా చదువులో ప్యాకెట్టు ఎలా పోతుందో చెప్పారు గానీ, గాల్లో అసలెందుకు పోనిచ్చారో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ రాత్రి కూర్చుని చదివాను.

కథ రెండో ప్రపంచయుద్ధం చివర్లో మొదలవుతుంది. 1945లో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు అమెరికాలో రేథియాన్ కంపెనీలో రాడార్లకి వాడే మాగ్నెట్రాన్ గొట్టాల మీద పనిచేస్తున్నాడు. దాని పక్కన నిలబడితే జేబులో ఉన్న మిఠాయి కరిగిపోయిందట. దాంతో రేడియో తరంగాలతో వంట చెయ్యొచ్చని తట్టింది. అలా పుట్టింది మైక్రోవేవ్ పొయ్యి. ఇలాంటి పరికరాలు వేడి పుట్టిస్తాయే గానీ కబుర్లు చెప్పవు. కానీ చుట్టుపక్కల కబుర్లు చెప్పుకునేవాళ్ళకి మాత్రం అడ్డమొస్తాయి. అందుకని 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ మహాసభలో, పరిశ్రమలకీ, ప్రయోగశాలలకీ, వైద్యానికీ వాడే ఇలాంటి యంత్రాల కోసం కొంత చోటు విడిగా కేటాయించారు. అందులో ఒకటి 2450 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న జాగా. (ఆ సంఖ్య దగ్గరే నీటి కణాలు ప్రత్యేకంగా ఊగుతాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. నీరు ఇంకా చాలా పౌనఃపున్యాల దగ్గర వేడెక్కుతుంది. పొయ్యికి ఆ చోటిచ్చారు కాబట్టి అక్కడ పనిచేస్తోంది, అంతే.)

అంటే ఇది మన ఊళ్ళో పోరంబోకు లాంటిది. ఎవరి పట్టా లేదు. ఊరి చివర ఇటుకబట్టీ పొగ పీల్చలేక ఎవరూ ఇల్లు కట్టుకోని చోటు. సైన్యానికి, టీవీలకి, విమానాలకి మంచి జాగాలు పంచగా మిగిలింది. ఇంజనీర్లు కూడా దాన్ని చెత్త బ్యాండ్ అనే పిలిచేవారు.

1980లలో అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీలో మైకేల్ మార్కస్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఎలాగూ పాడైపోయిన జాగాయే కదా, జనానికి వదిలేస్తే పోయేదేముంది అన్న వాదనకి ఆయనే ముందు నిలబడ్డాడు. రేడియో కంపెనీలు ఒప్పుకోలేదు. అయినా 1985 మే నెలలో ఎఫ్‌సీసీ ఆ బ్యాండ్లని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చంది. షరతులు ఉన్నాయి. శక్తి ఒక వాటు మించకూడదు. సంకేతాన్ని ఒక్కచోట గుప్పించకుండా విస్తారంగా పరచాలి. అన్నిటికంటే ముఖ్యమైనది: నీవల్ల లైసెన్సున్నవాడికి ఇబ్బంది రాకూడదు, ఇంకొకడి వల్ల నీకు ఇబ్బందొస్తే నోరెత్తకూడదు. ఇదే నాన్నగారి ప్రశ్నకి జవాబు. పర్మిషను ఉంది గానీ, హక్కు లేదు!

ఆ పోరంబోకులో మొదట గుడిసె వేసినవాళ్ళు ఎవరనుకున్నారు? కొట్లల్లో డబ్బుల పెట్టెలు, అదే క్యాష్ రిజిస్టర్లు, చేసే ఎన్‌సీఆర్ కంపెనీవాళ్ళు. షాపువాడు కౌంటరు జరిపినప్పుడల్లా కొత్తగా తీగలు లాగాలి. ఆ బెడద తప్పించుకోడానికి వాళ్ళ నెదర్లాండ్స్ విభాగంలో తీగల్లేని నెట్‌వర్కు తయారుచేశారు. 1990 ప్రాంతంలో వేవ్‌లాన్ పేరుతో అమ్మారు. అందరికీ ఒకటే ప్రమాణం కావాలని ఏర్పడిన 802.11 సంఘానికి వాళ్ళ ఉద్యోగి విక్ హేస్ పదేళ్ళు పెద్దగా ఉన్నాడు. 1997లో మొదటి ప్రమాణం వచ్చింది. వేగం సెకనుకి మహా అయితే రెండు మెగాబిట్లు. 1999లో 802.11బి వచ్చి దాన్ని పదకొండుకి పెంచింది. ఆ ఏడాది జులైలోనే ఆపిల్ ఐబుక్ విడుదల చేస్తూ స్టీవ్ జాబ్స్ దాన్ని ఒక హూలాహూప్ రింగులోంచి దూర్చి, చూడండి తీగ లేదని చూపించాడు. అచ్చం గారడీవాడిలా!

పట్టా లేని చోట అందరూ కొట్టుకు చావకుండా ఎలా బతుకుతున్నారన్నది అసలు విశేషం. దీనికి మూలం హవాయి దీవుల్లో ఉంది. అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 1971లో వేర్వేరు దీవుల నుంచి ఒకే కంప్యూటరుతో రేడియోలో మాట్లాడే అలోహానెట్ నడిపింది. ఎవరికి మాటొస్తే వాళ్ళు మాట్లాడెయ్యడమే. ఇద్దరి మాటలు గుద్దుకుంటే ఎవరికి తోచినంతసేపు వాళ్ళు ఆగి మళ్ళీ చెప్పాలి. ఇలా చేస్తే దారిలో పద్దెనిమిది శాతమే పనికొస్తుందని లెక్క తేలింది. వైఫై దీనికి ఇంకో మర్యాద కలిపింది: నోరు తెరిచే ముందు చెవి పెట్టు. ఇంకెవరో మాట్లాడుతుంటే ఆగు. నిశ్శబ్దమయ్యాక కూడా కాస్త తటపటాయించి అప్పుడు మాట్లాడు. అవతలివాడు 'అందింది' అనకపోతే మళ్ళీ చెప్పు. మన అపార్టుమెంటులో ముప్ఫై రూటర్లు పక్కపక్కనే కాపురం చెయ్యగలుగుతున్నాయంటే ఈ మర్యాద వల్లే.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ జాగాకి పూర్తిగా లైసెన్సు తీసేసింది 2005లో. అంటే ఈ రోజు నాన్నగారి పడకగదిలో మిణుకుమిణుకుమనే రూటరుని 1985లో అక్కడ పెట్టుకుని ఉంటే, ఆయన ముద్ర కొట్టిన చట్టమే ఆయన్ని పట్టుకునేది!

ఇక్కడిదాకా చదివి తలెత్తాను. రూటరు ఫ్రిజ్ మీద ఉంది. ఫ్రిజ్ పక్కన మైక్రోవేవ్ ఉంది. రాత్రి తొమ్మిది దాటగానే మా ఆవిడ పిల్లాడికి పాలు వేడి చేస్తుంది..

అర్ధరాత్రి ఒక గ్లాసు నీళ్ళు అందులో పెట్టి మీట నొక్కాను. లాప్‌టాపులోంచి రూటరుకి పింగ్ కొడుతూ కూర్చున్నాను. అప్పటిదాకా రెండు మిల్లీసెకన్లకి వచ్చే జవాబు నాలుగొందలైంది, ఎనిమిదొందలైంది, అసలు రావడం మానేసింది. పొయ్యి బీప్‌మనగానే మళ్ళీ రెండు! నేను "దొరికాడు!" అని అరిస్తే మా ఆవిడ లేచొచ్చింది. "నీళ్ళు కాచుకోడానికి అంత కేకలెందుకండీ?" అంది.

పొయ్యి లోపల వెయ్యి వాట్లు. రూటరు పలికేది వాటులో పదోవంతు. పొయ్యి తలుపు సందుల్లోంచి కారేది మనుషులకి హాని చెయ్యనంత తక్కువే గానీ, అడుగు దూరంలో ఉన్న రూటరుకి అదే పెద్ద రంకె. పైగా పొయ్యికి చెవుల్లేవు. ఎవరు మాట్లాడుతున్నారో వినదు, ఆగదు. మామూలు మైక్రోవేవు కరెంటు లయకి తగ్గట్టు సెకనుకి అరవైసార్లు రగిలి ఆరుతుంది. ఆ సందుల్లో కాస్త కాస్త ప్యాకెట్లు దూరతాయి. అందుకే కాల్ పూర్తిగా చావదు, నత్తి వస్తుంది. ఫోన్లకి ఏమీ కాకపోవడానికి కారణం, అవి 5 గిగాహెర్ట్జ్ జాగాకి వలసపోయాయి. నా ముసలి లాప్‌టాపుకి ఆ భాష రాదు.

వైద్యం సులువే. రూటరుని ముందుగదిలోకి మార్చాను. అది 11వ ఛానెలులో, అంటే 2462 దగ్గర, పొయ్యికి దగ్గర్లో ఉంది. దాన్ని దూరంగా 2412 దగ్గరున్న 1వ ఛానెలుకి తెచ్చాను. (అమెరికాలో పదకొండు ఛానెళ్ళున్నా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. 3, 4 పెట్టి తెలివైన పని చేశామనుకోకండి, రెండు పక్కలవాళ్ళకీ అడ్డమే.) మళ్ళీ గ్లాసు నీళ్ళు పెట్టి చూస్తే పది మిల్లీసెకన్లు దాటలేదు.

ఆ శనివారం కాల్ ఎక్కడా ఆగలేదు. నాన్నగారికి ఈ కథంతా చెప్పాను. "అయితే పోరంబోకన్నమాట" అని నవ్వారు. కాసేపాగి అన్నారు, "కుడికన్ను శుక్లం ముదిరిందన్నాడ్రా డాక్టరు. బుధవారం ఆపరేషను. పక్కింటి అబ్బాయిని తోడు తీసుకెళ్తాలే."

"ఎప్పుడన్నాడు?"

"నెలవుతోంది. చెబుదామనుకుంటూనే ఉన్నాను."

మూడు వారాలు గళ్ళు గళ్ళుగా ఆగిపోయిన మాట అదే. అవతలికి అందలేదని తెలిస్తే రూటరు మళ్ళీ చెబుతుంది. తండ్రులు చెప్పరు, "ఏం లేదులేరా" అంటారు. ఆ రాత్రే హైదరాబాదులో ఉన్న అక్కకి ఫోను చేశాను. మంగళవారానికల్లా అది తణుకులో ఉంది.

ఆపరేషను బాగా జరిగింది. ఇప్పుడు శనివారం పాలు గ్యాసు పొయ్యి మీదే కాస్తున్నాం. అయినా నాన్నగారు కాల్ కలవగానే ముందు అడిగేది ఒకటే.

"పాలు కాచేశారుట్రా? లేకపోతే కానివ్వండి, నేనాగుతాను."