సింగరేణి ప్రాంతంలో థర్మల్ విద్యుత్కేంద్రాలు

గోదావరి లోయలోని సింగరేణి బొగ్గుగనుల చుట్టూ, ఇప్పటి తెలంగాణలోని రామగుండం, పాల్వంచ, చెల్పూరు, జైపూర్, మణుగూరు పరిసరాల్లో బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రాలు వెలిశాయి. బొగ్గు ఉంది కాబట్టే ఇవి వచ్చాయన్న మాట సగమే నిజం. ఇల్లందులో 1889లోనే తవ్వకాలు మొదలైనా, ఆ బొగ్గు చాలాకాలం రైలింజన్లకూ మిల్లులకూ తరలిపోయింది. రామగుండంలో నిజాం పాలన చివరి దశలో తలపెట్టిన కేంద్రం సామర్థ్యం 37.5 మెగావాట్లే. తర్వాత 1971లో అక్కడే 62.5 మెగావాట్ల ‘బి’ కేంద్రం వచ్చింది. కేంద్రం ఎక్కడ పెట్టాలో, ఎంత పెద్దది కట్టాలో తేల్చింది బొగ్గుతోపాటు నీళ్లూ, కరెంటును దూరం మోసుకెళ్లే హైటెన్షన్ లైన్లూ.

టర్బైన్ తిప్పిన ఆవిరిని మళ్లీ నీరుగా మార్చడానికి చల్లని నీరు ఎడతెగకుండా కావాలి. పాల్వంచలో కొత్తగూడెం కేంద్రం 1966లో 60 మెగావాట్ల యూనిట్‌తో మొదలైంది. దాని అవసరం కోసమే కిన్నెరసాని వాగుపై జలాశయం కట్టాల్సి వచ్చింది. మరోవైపు, 1978లో శంకుస్థాపన జరిగిన ఎన్టీపీసీ రామగుండం కేంద్రం దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ కరెంటు పంచాలన్న లక్ష్యంతో పుట్టింది. అందుకే అక్కడ 200, 500 మెగావాట్ల యూనిట్లు వచ్చి, మొత్తం సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. పూర్తిస్థాయిలో నడిచే ఒక్క 500 మెగావాట్ల యూనిట్‌కే రోజుకు సుమారు 8,000 టన్నుల బొగ్గు కావాలి. గనికీ కేంద్రానికీ మధ్య ప్రత్యేక రైలుమార్గం వేశారు. ఆ రైళ్ల వ్యాగన్లకు అడుగున తలుపులు తెరుచుకుంటే బొగ్గు నేరుగా కింది తొట్టెల్లో పడుతుంది.

రవాణా ఖర్చే అసలు కారణమని వాదించేవారి మాటలో బలం ఉంది. ఈ బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే. దూరం పంపితే కాలని సరుకుకూ కిరాయి కట్టాలి. కానీ గనులకు దూరంగా, కృష్ణానది దగ్గర, 1979లో విజయవాడ కేంద్రం నడవడం మొదలైంది. ఇటీవల దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం కట్టారు. బొగ్గును రైలెక్కించడం ఖరీదైనా సాధ్యమే. అంత నీటిని అలా తరలించడం కుదరదు. గనిముంగిట కడితే ఆదా కచ్చితంగా ఉంటుంది. అయితే కరెంటు దూరప్రాంతాలకు పోయి, బూడిద చెరువులు మాత్రం చుట్టుపక్కల పల్లెల పాలవుతాయి. ఆ భారాన్ని కిరాయి లెక్క చూపదు.

సింగరేణి సంస్థ 2016లో జైపూర్‌లో తన సొంత 1,200 మెగావాట్ల కేంద్రాన్ని నడపడం మొదలుపెట్టింది. గని యజమానే కరెంటు అమ్మకందారు కావడం ఈ చరిత్రలో కొత్త మలుపు. కొత్తగూడెంలో 720 మెగావాట్ల పాత యూనిట్లన్నీ 2020 నాటికి మూతపడ్డాయి. అంతకుముందే, 2018లో, అక్కడే 800 మెగావాట్ల యూనిట్ వచ్చింది. యంత్రాలకు కాలం చెల్లినా నీరు, లైన్లు, స్థలం పనికొస్తూనే ఉన్నాయి. రామగుండం జలాశయంపై 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సౌరకేంద్రానికి బొగ్గుతో పనే లేదు. బొగ్గు తరగిపోయినా ఈ ప్రాంతం విద్యుత్తుకు నెలవుగా మిగలగలదనడానికి ఇదే ఆధారం.