తేదీ తెలియని మరణం: ఒక తోట వడ్రంగి కుటుంబకథ

మలయా తెలుగువారి చరిత్రను చెప్పుకొనేటప్పుడు మనము కంగాణీల వెంట ఓడనెక్కి వచ్చిన పూర్వులను గురించీ, రబ్బరు, కొబ్బరి తోటలను గురించీ విరివిగా మాట్లాడుకుంటాము. జపాను పాలనాకాలం ప్రస్తావనకు వచ్చేసరికి మాత్రం పెద్దలు మౌనం వహించేవారు. అనేక పాత కుటుంబాలలో ఆ మౌనం వెనుక తిరిగిరాని మనిషి ఒకరున్నారు. మా కుటుంబంలో ఆయన మా తాతగారి అన్నగారు. వృత్తి వడ్రంగం.

ఆనాటి తోట ఒక చిన్న పల్లె. దొర బంగళా, గుమాస్తా ఇల్లు, వరుసగా కూలీల లైను ఇళ్ళు, కల్లు దుకాణం, రామమందిరం అన్నీ అందులోనే ఉండేవి. ఆ పల్లెకు తలుపులు, మంచాలు, పీటలు, పసిబిడ్డల ఉయ్యాలలు చేసి ఇచ్చినవారు మా పెదతాతగారు. శ్రీరామనవమికి పల్లకిని బాగుచేసేదీ ఆయనే. బాడిస, ఉలి, రంపం, చిత్రిక ఆయన ఆస్తి. ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు.

1941 డిసెంబరు 8న జపాను సేనలు కోటబారులో దిగాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. రబ్బరు ఎగుమతులు నిలిచిపోగా తోటలలో పని కరవైంది. బియ్యం దొరకక జనం కర్రపెండలంతో కాలం గడిపారు. తిండికే లేనివారు మంచం చేయించుకోలేరు గదా! వడ్రంగి చేతికి పని లేకపోయింది.

అదే సమయంలో జపాను సైన్యం సయాం నుండి బర్మాకు రైలుమార్గం వేయసాగింది. సముద్రమార్గంలో శత్రువుల జలాంతర్గాముల భయం ఉండడమే అందుకు కారణం. మార్గం పొడవు సుమారు 415 కిలోమీటర్లు. అధికభాగం కొండలు, దట్టమైన అడవులు. 60 వేలకు పైగా యుద్ధఖైదీలను పనిలో పెట్టినా చాలక, 1943లో మలయా తోటల నుండి కూలీలను పెద్దయెత్తున తరలించారు. రోజుకు ఒక డాలరు కూలి, ఉచితంగా తిండి, వైద్యం, మూడు నెలలకే తిరుగుప్రయాణం అని ఆశ చూపారు. ఆశకు లొంగనివారిని బలవంతంగా పట్టుకుపోయారు. మూడు నెలలే గదా అని మా పెదతాతగారు రంపం, ఉలి మూటకట్టుకొని వెళ్ళారు. బాడిస ఇంట్లోనే ఉండిపోయింది.

సరకుల పెట్టెలలో కుక్కి బాన్‌పోంగ్ వరకు తీసుకువెళ్ళి, అక్కడి నుండి వానలో, బురదలో అడవిదారిన నడిపించారు. ఆ యేటి వర్షకాలంలో శిబిరాలలో కలరా వ్యాపించింది. 1943 అక్టోబరులో రెండువైపుల పట్టాలు కలిశాయి. అప్పటికి ఎందరో నేలకొరిగారు. యుద్ధఖైదీలలో 12 వేలకు పైగా మరణించగా, ఆసియా కూలీలలో మృతుల సంఖ్య 80 వేల నుండి లక్ష వరకు ఉంటుందని అంచనా. వారిలో తమిళులు, తెలుగువారు, మలయులు, జావావారు, బర్మావారు ఉన్నారు.

ఖైదీలలో అధికారులుండేవారు. వారు మరణించినవారి పేర్లను రహస్యంగా రాసి దాచారు. యుద్ధానంతరం ఆ రాతల సాయంతో సమాధులను వెదకి గుర్తించారు. నేడు కాంచనబురి సైనిక శ్మశానంలో 6,900 మందికి పైగా ఖైదీలు విశ్రమిస్తున్నారు. సమాధి ఫలకాలపై పేరు, దళం, మరణించిన తేదీ ఉంటాయి. కూలీల పక్షాన కలం పట్టినవారు లేరు. వారి పేర్లు అడవిలోనే కలిసిపోయాయి.

మా పెద్దనాయనమ్మకు మిగిలినది ఆ అనిశ్చితి. 1946లో తిరిగివచ్చిన పొరుగుతోట మనిషి ఒకాయన, పెదతాతగారిని జ్వరంతో పడివుండగా చూశానని మాత్రమే చెప్పాడు. కన్నుమూశారని చెప్పలేదు. ఆమె బొట్టు తీయలేదు. పగలు రబ్బరుపాలు తీసి, రాత్రి పిల్లలకు గంజి కాచింది. దాచుకొన్న అరటిచెట్టు బొమ్మ నోట్లు జపాను ఓటమితో చిత్తుకాగితాలయ్యాయి.

తద్దినం పెట్టాలంటే తిథి కావాలి. తిథి తెలియనివారికి మహాలయ అమావాస్యనాడు పెట్టవచ్చునని మన పెద్దలు విధించారు. కొన్నేళ్ళకు పెద్దకొడుకు ఆ రోజున తండ్రి పేరు, గోత్రం చెప్పి తిలతర్పణం విడిచాడు. అప్పుడు గాని ఆమె ఏడవలేదని మా నాయనమ్మ చెప్పేది.

రాతిపై లేని పేరుకు ఇల్లే శాసనం. మీ ఇంటిలోనూ సయాం వెళ్ళి తిరిగిరానివారు ఉంటే, వారి పేరు, స్వగ్రామం, వృత్తి, తోట పేరు పెద్దలనడిగి తెలుగులో ఒక కాగితంపై రాయండి. వచ్చే మహాలయ అమావాస్యనాడు ఆ కాగితాన్ని మీ పిల్లల చేత బిగ్గరగా చదివించండి.