నీళ్లున్న చోటనే మజిలీ

పామిడిముక్కల, వీరంకిలాకు, ఉయ్యూరు పరిసరములలో కాలువగట్టున పుట్టి పెరిగినవారికి నీరు వెదకికొని పోవలసిన వస్తువు కాదు. తూము ఎత్తగానే అది చేనికి వచ్చును, నాలుగు మెట్లు దిగినంతనే బిందెకు అందును. 1852–55 సంవత్సరముల నడుమ బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టబడినది మొదలుకొని ఈ సౌలభ్యము మన ప్రాంతమునకు ఎంతగా అలవడినదనగా, నీటికి దూరమైన ఒక్క పూటను కూడ మనవారు ఊహింపజాలరు. అట్టి డెల్టా గృహస్థు శివరాత్రికి శ్రీశైలపు మల్లన్నను చూడవలెనని మూట కట్టుకొని నల్లమలలో అడుగు పెట్టినపుడు అతనికి మొదట తెలిసివచ్చునది పులిభయము కాదు, దొంగలభయమును కాదు. ఈ పూట వంట ఎక్కడ, ఈ రాత్రి పడక ఎక్కడ అను ప్రశ్నకు సమాధానము తన చేతిలో లేదనియు, అది కొండల మడతలలో ఎక్కడనో నిలిచియున్న ఒక చెరువుచేతిలో ఉన్నదనియు తెలిసివచ్చును. వింత యేమనగా, అతని ఊరి కాలువలో పారు కృష్ణయే ఆ కొండల పాదమున కూడ పారుచున్నది. అయినను వందల అడుగుల లోతైన లోయలో ఒదిగి పోవు ఆ నది పైన నడచువానికి ఒక్క గుక్కెడైనను ఈయదు.

శ్రీశైలమార్గచరిత్రను శాసనములను బట్టి, మెట్లు కట్టించిన ప్రభువుల పేర్లను బట్టి వ్రాయుట పండితులకు పరిపాటి. ఆ ప్రభువులయెడ నాకును గౌరవము కలదు. కాని ఆ దారిని నిర్ణయించినవి నీటిగుంటలు. రాజులు చేసినదెల్ల ఒక నీటిపట్టునుండి మరియొక నీటిపట్టునకు పోవు కాలిబాటలో రాళ్లు పేర్పించుట మాత్రమే.

శ్రీశైలమునకు నాలుగు ద్వారములని పురాణప్రసిద్ధి: తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. కృష్ణాతీరమునుండి పోవు మనవారికి సహజమైన ద్వారము త్రిపురాంతకమే; అటనుండి దోర్నాల మీదుగా అడవి చొచ్చుట పూర్వాచారము. 1893లో బెజవాడయొద్ద కృష్ణపై రైలువంతెన పూర్తియైన పిమ్మట మరియొక వీలు కూడ కలిగెను. పడవమీద కాలువవెంట బెజవాడ చేరి, అక్కడ రైలెక్కి, మార్కాపురము రోడ్డులోనైనను నంద్యాలలోనైనను దిగి, బండ్లు కట్టించుకొని కొండ మొదటికి పోవచ్చును. నంద్యాలలో దిగినవారు ఆత్మకూరు చేరి, అక్కడినుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారము అను మజిలీలమీదుగా నడచిపోయెడివారు. సరస్సుల యొడ్డున రాత్రులు గడపు యాత్రాజీవనము సంపూర్ణముగా కానవచ్చునది ఈ ఆత్మకూరు బాటయందే కనుక దానినే ఇచట ప్రస్తావించుచున్నాను.

ఈ బాట మిక్కిలి పాతది. పదమూడవ శతాబ్దివాడగు పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్యచరిత్రములో పర్వతప్రకరణమను పేర ఒక భాగమునంతయు శ్రీశైలమునకును అచటి శివరాత్రి యాత్రకును వినియోగించెను. ఆ కాలమునకే భక్తులు జట్లు జట్లుగా కొండకు పోవుచుండిరనియు, తుమ్మెదపదములు, పర్వతపదములు, శంకరపదములు, వెన్నెలపదములు మొదలగు పాటలు వారి నోళ్లయందుండెననియు ఆ కావ్యమువలన తెలియుచున్నది. పాటను ఇక్కడ వట్టి భక్తివేషముగా తలపరాదు. చీకటి అడవిలో ముందు పోవు జట్టు ఎంత దూరమున నున్నదో వెనుకవారికి తెలుపునదియు, తప్పిపోయినవానిని దారికి తెచ్చునదియు ఆ పాటయే.

పదునాలుగవ శతాబ్దిలో రెడ్డిరాజ్యస్థాపకుడైన ప్రోలయవేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెనని శాసనములు చెప్పుచున్నవి. ఎఱ్ఱాప్రగ్గడను ఆదరించిన ప్రభువు ఇతడే. అద్దంకినుండియు, తరువాత కొండవీటినుండియు ఏలిన ఆ వంశమువారు తీరాంధ్రులగుట మనకు గమనింపదగిన విషయము. మైదానమునుండి వచ్చు యాత్రికుని కాళ్లకు కొండరాయి ఎట్టి పరీక్షయో ఆ రాజులకు బాగుగ తెలిసియుండవలెను. నాగలూటి దాటినంతనే ఎదురగు రాతిమెట్లను రెడ్డిరాజుల మెట్లనియే అచటివారు నేటికిని చెప్పుకొందురు. 1393 ప్రాంతమున విజయనగర ప్రభువగు రెండవ హరిహరరాయల దేవి విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించినది. కొండమీది క్షేత్రమునుండి లోయలోని కృష్ణకు దిగు దారి అదియే. అనగా ఆ మహారాణి ధర్మము కూడ నీటికొరకే.

నాగలూటిలో వీరభద్రుని ఆలయము కలదు. అది అడవికి గుమ్మమువంటిది. ఊళ్లలో కొన్న బియ్యము, పప్పు, అటుకులు, పేలపిండి, చలిమిడి, ఊరగాయ, కందిపొడి ఇక్కడ మరల సర్దుకొని, బరువును కావడులకును తలలకును పంచుకొని, తెల్లవారుజామున మెట్లెక్కుట ఆచారము. శివరాత్రి మాఘబహుళ చతుర్దశినాడు వచ్చును కనుక అది ఆకురాల్చు కాలము. టేకును మద్దియు బోడివడి, నీడ పలుచనై, మోదుగులు మాత్రము ఎఱ్ఱని పూలతో నిలిచియుండును. పగలు ఎండ, రాత్రి మంచు. వాగులు అప్పటికే ఎండిపోవును. కనుక నాగలూటి విడిచిన జట్టు మధ్యలో ఎక్కడను నిలువక పొద్దు వాలులోపున పెచ్చెరువు చేరియే తీరవలెను.

పెచ్చెరువు కొండల నడుమ పల్లములో నిలిచిన జలాశయము. పెద్దచెరువని పాతగ్రంథములలో కనబడునదియు ఇదియే. దీని ఒడ్డున పూర్వము వచ్చిన జట్టెల్ల తన ఇల్లు తానే చేసికొనవలసియుండెను. ముందుగా వచ్చినవారికి గట్టుదాపున మెరకనేల దొరకును. వెనుక వచ్చినవారికి రాళ్లనడుమ జానెడు చోటు. జట్టులోని మగవారిలో కొందరు ఎండుకట్టెలకును వెదురుముక్కలకును పోవుదురు, కొందరు రాళ్లేరి మూడేసి చొప్పున పొయ్యి పేర్తురు, ఆడువారు గుడ్డతో వడకట్టిన చెరువునీటితో ఎసరు పెట్టుదురు. రాలిన ఆకులను ప్రోగు చేసి వానిపై కంబళి పరచిన అదియే పరుపు. చెట్టుకును చెట్టుకును నడుమ పైపంచె కట్టిన అదియే గుడారము. పసిపిల్లలున్నవారు మాత్రమే ఆ మాత్రము శ్రమ పడుదురు, తక్కినవారికి ఆకాశమే చాలును.

వంటపొయ్యికంటె ముఖ్యమైనది నెగడు. నీరు మనుష్యులకు మాత్రమే కాక మృగములకును కావలెను గదా. చెరువు చుట్టును నివసించు కణుజులు, దుప్పులు, ఎలుగులు, వానివెంట వచ్చు పులులు రాత్రివేళ దిగు రేవులు వేరుగా నుండును. ఆ రేవుల జోలికి పోక, వాని దారులకు అడ్డముగా పడుకొనక, జట్టు నడుమను అంచులందును నెగళ్లు వేసి, వంతులవారీగా మేలుకొని కట్టెలు ఎగదోయుట యాత్రానియమము. ఒంటరిగా చీకటిలో నీటికి పోరాదు. బహిర్భూమికి పోవువారు డప్పు మ్రోగించువానిని తోడు తీసికొని పోవుదురు. ఈ నియమములను ఎవరును వ్రాసిపెట్టలేదు. ఏటేట పోవు పెద్దవాడొకడు ప్రతి జట్టులోను ఉండును. అతని మాటయే గ్రంథము. పాశ్చాత్యదేశములందు నేడు విద్యుద్దీపము లేని కొండచెరువు నొడ్డున గుడారము వేసికొని మూడు నాళ్లు గడపుటను ఒక వినోదముగా, ఒక విద్యగా అభ్యసించుచున్నారు. దానికి పుస్తకములును పరికరములును ఎన్నియో కలవు. మన కాపుదనపు ముసలమ్మలు ఆ విద్యను చేటలో బియ్యము చెరిగినంత తేలికగా నెరవేర్చి, దానిని విద్యయని గాని వినోదమని గాని పేర్కొనక, పుణ్యమని మాత్రము చెప్పుకొని ఊరుకొనిరి.

అయితే ఈ జట్లకు పెద్దదిక్కు అచటి చెంచులు. పెచ్చెరువు చెంచుగూడెము నేటికిని ఉన్నది. ఏ గుంటలో నీరు ఏ నెలవరకు నిలుచునో, ఏ దారిన ఎలుగు తిరుగుచున్నదో వారికి తెలిసినట్లు మరెవ్వరికి తెలియదు. కనుమలు కాచుటయు, యాత్రికులకు దారి చూపుటయు, నడువలేనివారిని మోయుటయు వారి వృత్తిలో భాగమై, దానికి ప్రతిఫలముగా ధాన్యమో పైకమో ముట్టుచుండెను. మల్లన్న చెంచుపిల్లను వలచి పెండ్లాడెననియు, అందుచేత ఆయన తమకు అల్లుడనియు వారు చెప్పుకొందురు. ఈ కథను నవ్వుతో కొట్టివేయువారు ఒక్క విషయము ఆలోచింపవలెను: నీరు తనదైన జాతి, ఆ నీటికి దప్పిగొని వచ్చు వేలకొలది పరజనులను ఏటేట తన ఒడ్డున పండనిచ్చుటకు చుట్టరికముకంటె బలమైన కారణము ఏమి దొరకును?

1794లో ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ ఈ క్షేత్రమును దర్శించి వ్రాసిన వృత్తాంతము 1798లో ఏషియాటిక్ రిసెర్చెస్ అయిదవ సంపుటములో వెలువడినది. కాని మన పాఠకులకు అంతకంటె ఆప్తుడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి, త్రోవలో ఆత్మకూరుమీదుగా శ్రీశైలమెక్కెను. నాగలూటిని, పెద్దచెరువును, భీమునికొలనును, చెంచులను, యాత్రికులయొద్ద కందనూరి (నేటి కర్నూలు) నవాబు రాబట్టు సుంకమును ఆయన తన కాశీయాత్రచరిత్రలో ప్రస్తావించెను. ఆ గ్రంథమును 1941లో పరిష్కరించి తిరిగి లోకమునకిచ్చిన దిగవల్లి వేంకటశివరావుగారు బెజవాడ న్యాయవాది. కృష్ణాతీరమువారు ఈ దారికి చేసిన సేవలలో ఇదియు ఒకటి. వీరాస్వామయ్య కొండ దిగిన రెండు మూడేండ్లకే, 1832–33లో, గుంటూరు మండలమును డొక్కలకరువు ధ్వంసము చేసెను. ఆనకట్టకు పూర్వము మన మైదానమునకు నీరు ఎంత నిశ్చయమైనదో దానిని బట్టియే తెలియును. ఆనాటి డెల్టా యాత్రికుడు నల్లమలలో దప్పికను మనవలె క్రొత్తగా నేర్చుకొని యుండడు.

నవాబు పదవీచ్యుతుడై 1839లో కందనూరు కంపెనీ వశమైన తరువాత యాత్రికులకు ఆ సుంకపు బాధ తొలగినది. దేవాలయపు పాలనము పుష్పగిరి పీఠము క్రిందికి వచ్చి 1929 వరకు సాగినది. కాని సుంకము పోయినను జ్వరము పోలేదు. నల్లమల చలిజ్వరము ప్రసిద్ధము. వేలమంది ఒక్క చెరువులోనే స్నానమాడి, ఒక్క చెరువునీటినే త్రాగు తిరునాళ్లలో గత్తర పుట్టుట ఆ కాలమున సాధారణము. పాతయాత్రల శోభను వర్ణించువారు ఈ సంగతిని దాటవేయుట న్యాయము కాదు. ఇంటినుండి బయలుదేరువారు అప్పగింతలు పెట్టి, అప్పులు తీర్చి, తిరిగి వచ్చుట దైవాధీనమని చెప్పి పోవుట ఊరక పుట్టిన ఆచారము కాదు.

పెచ్చెరువు విడిచిన మరునాటి నడక భీమునికొలనుకు. అచట లోయ నిట్టనిలువుగా చీలి, అడుగున కొలనులో నీరు నిలిచియుండును. ఒకవైపు మెట్లు దిగి, నీరు త్రాగి, రెండవవైపు మెట్లెక్కినచో కైలాసద్వారము. ఇంత కష్టమైన లోయను చుట్టి పోక దానిలోనికే బాటను దింపినది అడుగుననున్న ఆ నీరు కాక మరేమి? కైలాసద్వారము దాటి హాటకేశ్వరము చేరినవారికి ఇక క్షేత్రము దాపే. శివరాత్రినాటి అర్ధరాత్రి దీపములార్పి, చీరాల ప్రాంతపు దేవాంగుడు దిగంబరుడై ఆలయశిఖరమునకు పాగ చుట్టునపుడు, ఏడాదిపొడవున దినమునకొక మూర చొప్పున నేసిన ఆ వస్త్రముకొరకు మన తీరమువారు కన్నులార్పక నిలుచుండుట నేటికిని చూడవచ్చును.

స్వాతంత్ర్యానంతరము దోర్నాలనుండి రోడ్డు ఏర్పడి, బస్సులు తిరుగసాగినపిమ్మట ఈ మజిలీల ఆవశ్యకత తీరిపోయినది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలపు ఆనకట్ట పూర్తియై కృష్ణ అచట సముద్రమువలె నిండినది. పామిడిముక్కల కాలువకు దిగు నీటిలో కొంతభాగము ఇప్పుడు ఆ గేట్లు దాటి వచ్చినదే. 1983లో ఈ అడవి పులుల సంరక్షణకేంద్రమైనది. ఆత్మకూరు దాపున బైర్లూటియొద్ద అటవీశాఖవారు వసతులు కట్టి, డబ్బు చెల్లించినవారికి అడవిలో రాత్రి గడపు అవకాశము కల్పించినారు, ఇష్టమున్నవారు పోవచ్చును. కాని పాతబాటలో నడచుటకు శివరాత్రికిని ఉగాదికిని మాత్రమే అనుమతి. ఆ దినములలో ఆంధ్రులును కన్నడిగులును వేలకొలది ఇప్పటికిని నాగలూటి మెట్లెక్కుచునే యున్నారు.

కాలువగట్టు ఊళ్లనుండి ఈ యేడు ఆ జట్లలో చేరదలచినవారికి ఒక్క మనవి. పెచ్చెరువు ఒడ్డున విస్తళ్లు తప్ప ప్లాస్టిక్కు సీసా గాని సంచి గాని వదలవలదు. నెగడు ఆర్పక కదలవలదు. సబ్బుతో చెరువులో దిగవలదు. మీరు వెళ్లిపోయిన తరువాత తక్కిన వేసవియంతయు అక్కడి గూడెమువారును మృగములును ఆ నీటినే త్రాగి బ్రదుకవలెను.