డ్రోన్ ఉన్నవాళ్లకు నేల మీద పని: ఇళ్లు, ప్లాట్లు, కార్ఖానాల వీడియోలు

మన పూర్వ భాగంలో డ్రోన్ ఇప్పుడు వింత వస్తువు కాదు. పెళ్లి ఊరేగింపుల్లో, నారళీ పౌర్ణమి నాడు మార్కండేయ మహాముని రథోత్సవంలో తల ఎత్తితే కనిపిస్తుంది. మగ్గం పని వద్దనుకున్న మన పిల్లలు కొందరు అప్పు చేసి మరీ డ్రోన్ కొన్నారు. అయితే ముహూర్తాలు అయిపోయాక డ్రోన్ పెట్టెలో పడుకుంటుంది, బ్యాంకు కిస్తీ మాత్రం పడుకోదు. ఇలాంటివాళ్లకు దగ్గరలో ఉన్న దారి ఇళ్లు, ప్లాట్లు, షెడ్ల వీడియోలు నేల మీద నుంచి తీయడం. ఆ పనికి ఏం కావాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఇక్కడ ఒకచోట చేర్చాము.

ఊరి పైన ఎగరడం ఎందుకు కష్టమైంది

హోట్గీ రోడ్డు విమానాశ్రయానికి అడ్డుగా ఉందని సిద్ధేశ్వర్ చక్కెర కార్ఖానా చిమ్నీని 2023 జూన్ 15న కూల్చిన సంగతి అందరికీ గుర్తే. 2025 జూన్ 9న గోవా విమానం మొదలైంది. ఊరికి ఇది మంచిదే. డ్రోన్ వాళ్లకు మాత్రం లెక్క మారింది.

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం, ఆంక్షలు లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అడగకుండా ఎగరేయవచ్చు. నడుస్తున్న విమానాశ్రయం హద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య ఆ ఎత్తు 200 అడుగులే. 8 కిలోమీటర్ల లోపల ముందు అనుమతి ఉండాలి. అశోక్ చౌక్, సాఖర్ పేట్, భవానీ పేట్ వంటి మన పేటలు ఈ దూరం లోపలే ఉన్నాయి. అందుకే ప్రతి పనికి ముందు డిజిటల్ స్కై మ్యాప్ చూడాలి.

250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బు తీసుకుని పని చేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా ఉండాలి. రూల్ తప్పితే లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఒక ఇంటి వీడియో కోసం అంత ప్రమాదం ఎవరికీ గిట్టదు.

నేల మీద ఉన్న పని

పై నుంచి తీసిన వీడియోలో ప్లాటు ఎక్కడుందో, రోడ్డు ఎటుందో తెలుస్తుంది. కొనేవాడు ఆ తర్వాత అడిగేవి వేరు. వంటిల్లు ఎంత, నీళ్లు ఎలా వస్తాయి, గల్లీలోకి టెంపో వస్తుందా, మెట్లు నిటారుగా ఉన్నాయా? వీటికి జవాబు నేల మీద కెమెరాతోనే దొరుకుతుంది. పూణేలో, హైదరాబాదులో స్థిరపడిన కొడుకులు తండ్రి ఇల్లు అమ్మాలన్నా, ఇక్కడ ఇల్లు కొనాలన్నా మొదట ఫోన్‌లోనే చూస్తారు.

మన దగ్గర మూడు రకాల పని ఉంది. మొదటిది పాత ఇళ్లు: ముందు మగ్గం, వెనక కాపురం ఉన్నవి. రెండోది అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీ వైపు, పేటల లోపల అమ్మకానికో అద్దెకో వచ్చే సాంచాల షెడ్లు. మూడోది బిల్డర్ల కొత్త ఫ్లాట్లు, ఊరి చుట్టూ వేసే ప్లాట్లు.

షెడ్డు వీడియోను ఇంటి వీడియోలా తీయకూడదు. కొనే కార్ఖానాదారుకు కప్పు ఎత్తు, నేల గట్టితనం, బీమ్ లోపలికి తేవడానికి తలుపు వెడల్పు, త్రీ ఫేజ్ మీటరు, లారీ ఆగే చోటు చూపించాలి. ఈ సంగతి మన పిల్లలకు పుట్టుకతో తెలుసు. బయటి స్టూడియోవాడికి తెలియదు. మన బలం అక్కడే ఉంది.

సామాను, తీసే పద్ధతి

మొదట్లో పెద్ద కెమెరా అవసరం లేదు. 4కె తీసే మంచి ఫోన్ లేదా ఉన్న కెమెరా, గింబల్, ట్రైపాడ్, ఒక కాలర్ మైక్, రెండు చిన్న ఎల్ఈడీ లైట్లు చాలు.

తీసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

- మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్ కింద గీతలు మెదలకుండా ఉండాలంటే షట్టర్ 50లో ఒక వంతు లేదా 100లో ఒక వంతు సెకనుకు పెట్టాలి.
- కెమెరా ఛాతీ ఎత్తులో, నిట్టనిలువుగా ఉండాలి. మరీ వైడ్ లెన్స్ వాడితే పది అడుగుల గది హాలులా కనిపిస్తుంది. కొనేవాడు వచ్చి చూసి మోసపోయాననుకుంటాడు.
- గల్లీ మొదలు నుంచి గడప దాకా ఆపకుండా నడిచి తీయండి. ఆ తర్వాత మనిషి నడిచే వరుసలోనే గదులు చూపించండి.
- సాంచాల చప్పుడులో మాట రికార్డు చేయవద్దు. తెలుగు, మరాఠీ మాటలు ఇంటి దగ్గర విడిగా చదివి కలపండి.
- వేసవిలో పొద్దున్నే తీయండి. ఎండకు ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది.

వీడియో రెండు నిమిషాలు దాటనక్కరలేదు. దాంతోపాటు 30 సెకన్ల నిలువు వీడియో, పదిహేను ఫొటోలు, గదుల కొలతలు ఇస్తే అది పూర్తి సేవ అవుతుంది.

రేటు ఎలా వేయాలి

పక్క స్టూడియో రేటు చూసి తగ్గించడం నష్టానికి దారి. ఉదాహరణకు సామాను 60,000 రూపాయలు అనుకుందాం. రెండేళ్లలో రాబట్టాలంటే నెలకు 2,500. నెలకు పది పనులైతే ఒక్కో పనిపై 250 రూపాయలు సామానుకే పోతుంది. దాని మీద పెట్రోలు, తీసిన గంటలు, ఎడిటింగ్ గంటలు కలపాలి. ఎడిటింగ్‌ను లెక్కలో వేయనివాళ్లే ఎక్కువ నష్టపోతారు. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో ముందే రాసుకోండి, సగం డబ్బు ముందే తీసుకోండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. ముద్రా పథకంలో శిశు రుణం 50,000 వరకు, కిశోర్ రుణం 5 లక్షల వరకు ఉంది. సేవల వ్యాపారం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు.

చట్టం మాట

కొత్త ప్రాజెక్టు వీడియో అంటే అది ప్రకటనే. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకు మహారేరా నంబరు ఉండాలి. 2023 ఆగస్టు 1 నుంచి ప్రకటనలో క్యూఆర్ కోడ్ కూడా తప్పనిసరి. నంబరు ఇవ్వని బిల్డరు పని ఒప్పుకోవద్దు. ప్రకటన నమ్మి నష్టపోయిన కొనుగోలుదారుకు పరిహారం అడిగే హక్కు రేరా చట్టం 12వ సెక్షన్ ఇచ్చింది. రాబోయే తోటను, లేని రోడ్డును కంప్యూటర్లో గీసి చూపించమంటే, అది ఊహాచిత్రమని తెర మీద రాయండి. ప్లాటు అయితే సాత్‌బారా ఉతారా, ఎన్ఏ ఆర్డరు చూడకుండా మీ నోటితో ఎన్ఏ ప్లాటు అనవద్దు. మీ వీడియో మిమ్మల్ని నమ్మే మనవాళ్లే చూస్తారు.

ఇంటివాళ్ల మాట

అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. మన పాత ఇల్లు ఒక్కరిది కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పేర్లు ఉతారా మీద ఉంటాయి. ఒక్క అన్న పిలిచాడని వీడియో తీసి వాట్సాప్‌లో పెడితే, తమ్ముడికి ఆ సంగతి బయటివాళ్ల ద్వారా తెలుస్తుంది. అక్కడ మొదలైన తగువు ఏళ్లు నడుస్తుంది. పేరున్నవాళ్లందరి సంతకంతో ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో అద్దెకున్న కుటుంబం ఉంటే వాళ్లకు ముందు రోజే చెప్పండి. గడపలో బీడీలు చుట్టే ఆడవాళ్లను, పిల్లలను అడగకుండా తీయవద్దు. దేవుడి గది, బీరువా, తలుపు తాళాలు వీడియోలో రానివ్వవద్దు.

మొదటి పనికి తెలిసినవాళ్ల ఖాళీ షెడ్డు ఒకటి ఎంచుకుని, తక్కువ రేటుకు తీసి నమూనాగా పెట్టుకోండి. డ్రోన్‌ను అమ్మేయనక్కరలేదు. అనుమతి దొరికిన చోట పై నుంచి ఒక షాట్ కలిపితే రేటు పెరుగుతుంది. నెల గడిచే ఆదాయం మాత్రం నేల మీద చేసిన పని నుంచే వస్తుంది.